113 ఏండ్ల అజ్ఞాతవాసము

గుడ్లగూబ పేరు వినగానే మనలో పలువురు ముఖము చిట్లింతురు. సందె చీకటిలో పెరటి చింతచెట్టుమీద అది కూసినచో ఇంటి పెద్దలు "పో, పో" యని అదలింతురు. ఇంటిలో ఎవరైన జబ్బుపడి యున్నచో ఆ కూత విని గుండె ఝల్లుమనును. తెల్లవారిన తరువాత ఆ చెట్టు దగ్గరకు పోయి, తొఱ్ఱలో నేమున్నదో, ఎట్లున్నదో చూచి వచ్చినవారు మాత్రము అరుదు. భయపడిన దానిని మనము తేరిపార చూడము. నేను ఇప్పుడు చెప్పబోవునది అట్టి పక్షిజాతి యొకదాని చరిత్ర. అది మన దేశమునకే చెందినది; ప్రపంచములో మరెక్కడను లేదు. 113 సంవత్సరములు ఏ శాస్త్రజ్ఞుని కంటను పడక, అంతరించి పోయినదని లోకము నమ్మిన పిమ్మట, 1997 లో ఒకనాటి ఉదయమున, పట్టపగలు, ఆకులు లేని కొమ్మపై కూర్చుండి కెమెరాకు చిక్కినది. అంతకాలము అది ఏల కనుపింపలేదు? దాగినందువలన కాదు. చూచువారు చూడవలసిన చోట చూడలేదు. అట్లు చూడకుండుటకు ఒక మనిషి ఆడిన అబద్ధము కూడ కొంత కారణము.

మన వాఙ్మయములో గుడ్లగూబకు చోటు లేకపోలేదు. ఉలూకము, ఘూకము, కౌశికము, దివాంధము అని సంస్కృతమున దానికి పేర్లు పెక్కు. తెలుగులో చిన్నజాతి గుడ్లగూబను పైడికంటె యందురు. ఎంత చక్కని పేరు! భారతములోని సౌప్తికపర్వమున, మఱ్ఱిచెట్టుమీద నిద్రించుచున్న కాకులను రాత్రివేళ గుడ్లగూబ యొకటి వచ్చి చంపుట చూచి, అశ్వత్థామ తానును నిదురించుచున్న శత్రుశిబిరముపై బడవలెనని నిశ్చయించుకొనును. తిక్కన తెనుగు చేసిన పర్వములలో అదియును ఒకటి. పంచతంత్రములోని కాకోలూకీయమున గుడ్లగూబలకు కాకులతో తీరని వైరము. ఇది ఒక ప్రక్క. మరియొక ప్రక్క, వైశేషిక దర్శనమును ప్రవచించిన కణాదునకు ఉలూకుడని నామాంతరము కలదు. ఆ దర్శనమునకే ఔలూక్య దర్శనమని పేరు. వంగదేశమున గుడ్లగూబ సాక్షాత్తు లక్ష్మీదేవికి వాహనము. ఇట్లు నిందించిన వారును, పూజించిన వారును ఉన్నారు. కాని ఆ పక్షి ఏ చెట్టున గూడు కట్టును, ఏమి తినును, పిల్లల నెట్లు పెంచును అని కూర్చుండి చూచిన వారి వ్రాతలు మనకు దొరకవు. పగటివేళ దానికి కన్నులు కానరావని నమ్మి "దివాంధము" అన్నారు. అది నిజము కాదు. గుడ్లగూబ పగలును చూడగలదు. మన కథలోని గుడ్లగూబ పగటివేళనే వేటాడును కూడ.

పక్షులను శాస్త్రీయముగా చూచుట మన దేశమున పందొమ్మిదవ శతాబ్దిలో బలపడినది. ఆ చూపునకు సాధనము తుపాకి. ఈ మాట కొంత కఠినముగా తోచవచ్చును గాని, ఆనాటి పరిస్థితి అదియే. దూరపు వస్తువులను దగ్గరగా జూపు మంచి దుర్భిణులు చేతికి రాలేదు. కదలు పక్షిని పట్టగల కెమెరా లేదు. పక్షిని కొట్టి, చర్మమును ఒలిచి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి భద్రపరచుటయే శాస్త్రము. ఆ చీటీపై పక్షి దొరికిన ఊరు, తేది, కొట్టినవాని పేరు ఉండును. చర్మము కంటె చీటీ యే ముఖ్యము. చీటీ లేని చర్మము సాక్ష్యము చెప్పలేని సాక్షి వంటిది. మన నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డాన్ దొర ఈ విధముగనే దక్షిణ భారత పక్షులను సేకరించి, 1843 నుండి 1847 వరకు మద్రాసులో బొమ్మల పుస్తకమును ప్రకటించినాడు.

జెర్డాన్ తరువాత ఈ రంగమున ప్రముఖుడు ఆలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885 లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు పూనుకొన్నవాడుగా ఆయనను మనమందరము ఎరుగుదుము. కాని ఆయన జీవితములో అంతకంటె పెద్ద భాగము పక్షులకు అంకితమైనదని ఎరిగినవారు కొందరే. సిమ్లాలోని తన ఇంటిలో ఆయన కూర్చిన పక్షి చర్మములు, గ్రుడ్లు కలిసి 80 వేలకు పైబడినవి. దేశమున నలుమూలల నున్న ఉద్యోగులు తాము కొట్టిన పక్షులను ఆయనకు పంపెడివారు. "స్ట్రే ఫెదర్స్" అను పక్షిశాస్త్ర పత్రికను ఆయనయే నడిపినాడు. తాను వ్రాయదలచిన మహాగ్రంథము వ్రాతప్రతులను ఒక సేవకుడు చిత్తు కాగితములుగా బజారులో అమ్మివేయగా, హ్యూమ్ మనసు విరిగి, 1885 లో తన సేకరణ సర్వమును బ్రిటిష్ మ్యూజియమునకు దానము చేసినాడు.

ఈ హ్యూమ్‌నకు బ్లూయిట్ అను నతడు 1872 డిసెంబరులో ఒక చిన్న గుడ్లగూబ చర్మమును పంపినాడు. అది నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు తూర్పు భాగముననున్న ఫూల్‌ఝర్ ప్రాంతమున దొరికినది. పైకి చూచుటకు మన ఊళ్ళలోని చుక్కల పైడికంటె వలెనే యున్నది. కాని హ్యూమ్ కన్ను మోసపోలేదు. పైడికంటెకు నెత్తిమీద తెల్లని చుక్కలుండును. దీని నెత్తి దాదాపు చుక్కలు లేక నున్నగా నున్నది. రెక్కలపై, తోకపై తెల్లని పట్టెలు వెడల్పుగా నున్నవి. కాళ్ళు బలిసి, తెల్లని ఈకలతో కప్పబడి, గోళ్ళు శరీరమునకు మించిన పెద్దవిగా నున్నవి. ఇది వేరు జాతి యని నిశ్చయించి, 1873 లో దానికి బ్లూయిట్ పేరు పెట్టి ప్రకటించినాడు. ఇంగ్లీషువారు దానిని ఫారెస్ట్ ఔలెట్ అన్నారు. మనము వనఘూకమందము.

తరువాత 1877 లో వాలెంటైన్ బాల్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒరిస్సా పశ్చిమ భాగమున నొకదానిని సంపాదించినాడు. పిమ్మట పశ్చిమమున, సాత్పురా కొండల దాపున నున్న ఖాందేశ్‌లో సివిల్ ఉద్యోగియైన జేమ్స్ డేవిడ్‌సన్ మరి కొన్నింటిని కొట్టినాడు. అతడు చివరి పక్షిని కొట్టినది 1884 లో. అంతటితో సరి. మొత్తము ఏడు చర్మములు. అవియు విదేశపు మ్యూజియముల బీరువాలలో. ఆ తరువాత వనఘూకము జాడ లేదు.

అది కనుపింపని కాలములోనే లోకమున పక్షిని చూచు విధానము మారినది. 1892 లో ఇంగ్లండులో కీర్టన్ సోదరులు రిచర్డ్, చెర్రీ అనువారు గూటిలోని పాటపిట్ట గ్రుడ్లకు ఫోటో తీసినారు. అది వారికి ఒక మార్గమును చూపినది. మూడేండ్ల తరువాత కేవలము ఫోటోలతోనే బొమ్మలుగల ప్రకృతి గ్రంథమును ప్రకటించినారు. పక్షి బెదరకుండుటకై బోలు ఎద్దు బొమ్మ నొకటి చేయించి, దాని కడుపులో కూర్చుండి ఫోటోలు తీసినారు! అమెరికాలో జార్జ్ షిరాస్ రాత్రివేళ పడవలో పోవుచు, మెగ్నీషియం పొడిని మండించి, ఆ మెరుపులో అడవి జంతువులను పట్టినాడు. అతని ఫోటోలు 74 ఒకే సంచికలో 1906 లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ప్రకటించినది. మన దేశమున సంయుక్త రాష్ట్రముల అటవీ ఉద్యోగి ఛాంపియన్, పులి తన కాలితోనే తీగను తాకి తన ఫోటోను తానే తీసికొను ఏర్పాటు చేసి, 1927 లో పుస్తకము వెలువరించినాడు. వేటగాడు తెచ్చు పులితోలు కంటె బ్రతికిన పులి చిత్రము మిన్న యని అతడు పట్టుదలతో వాదించినాడు.

ఐనను గుడ్లగూబ కెమెరాకు సులభముగా లొంగునది కాదు. దాని రెక్క ఈకల అంచులు దువ్వెన పండ్ల వలె చీలి, మెత్తని నూగుతో కూడియుండుటచే, ఎగురునప్పుడు చప్పుడు వినరాదు. దాని కనుగ్రుడ్లు గుంటలలో కదలవు. అందుచేత మెడనే ముప్పాతిక చుట్టు త్రిప్పి చూచును. కొన్ని జాతులలో రెండు చెవులును ఒక ఎత్తున నుండవు. ఆ తేడా వలననే ధ్వని వచ్చు చోటును కచ్చితముగా గుర్తించును. బొత్తిగా వెలుతురు లేని గదిలో సైతము తెల్లగూబ కేవలము చప్పుడును బట్టి ఎలుకను పట్టుకొనునని అమెరికా శాస్త్రజ్ఞుడు రోజర్ పేన్ తన ప్రయోగములను 1962 లో ప్రకటించి లోకమునకు తెలిపినాడు. ఇట్టి పక్షి మన రాకను మనకంటె ముందే ఎరుగును.

అందుకు ఎరిక్ హోస్కింగ్ జీవితమే నిదర్శనము. అతడు ఇంగ్లండు పక్షి ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడు. 1937 మే మాసమున వేల్స్ దేశపు అడవిలో టానీ ఔల్ అను జాతి గుడ్లగూబ గూటి ఎదుట ఎత్తైన మంచె కట్టినాడు. ఒక రాత్రి అతడు చీకటిలో మంచె యెక్కుచుండగా, పిల్లలను కాచుకొనుచున్న తల్లి నిశ్శబ్దముగా వచ్చి ముఖమును చరచినది. దాని గోరు ఎడమ కంటిలో దిగినది. రెక్కల చప్పుడు సైతము తాను వినలేదని అతడు చెప్పినాడు. పుండు విషమించి, రెండవ కన్నును కాపాడుకొనుటకై ఆ కన్నును తీసివేయవలసి వచ్చినది. అప్పటికి అతని వయస్సు 27 సంవత్సరములు. మరియొకడైనచో గుడ్లగూబల పేరెత్తడు. హోస్కింగ్ మాత్రము ఆస్పత్రి విడిచిన పిమ్మట మరల గుడ్లగూబల ఎదుటనే కెమెరా నిలిపినాడు. ఆ పక్షిని నిందింపలేదు. తన పిల్లలను అది రక్షించుకొన్నదని గ్రహించినాడు. 1948 లో ముక్కున ఎలుకతో రెక్కలు విప్పి నిలిచిన తెల్లగూబకు అతడు తీసిన ఫోటో ప్రపంచ ప్రసిద్ధి పొందినది. 1991 లో మరణించు వరకు ఒంటికంటితోనే అతడు పనిచేసినాడు.

ఇక మన దేశమునకు వత్తము. 1931-32 లో సాలిం అలీ నిజాము రాజ్యమున పక్షుల సర్వే జరిపినాడు. తెలంగాణపు అడవులలో ఏయే పక్షులున్నవో శాస్త్రీయముగా మనకు తెలిసినది ఆ సర్వే వలననే. తరువాత అర్ధశతాబ్ది పాటు భారత పక్షిశాస్త్రమునకు ఆయనయే పెద్దదిక్కు. ఆయనకును, ఆయన సహచరుడు, అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు అధిపతియైన డిల్లన్ రిప్లీకిని వనఘూకము ఒక తీరని వెలితిగా నుండినది. వెదకినారు, వెదకించినారు. దొరకలేదు. చూచితిమని కబురు పంపినవారు లేకపోలేదు గాని, విచారింపగా అవి మన చుక్కల పైడికంటెలే యని తేలినది.

వెదకువారికి ఒక ఆధారముండినది. వనఘూకమును చివరిసారిగా చూచినది 1884 లో కాదు, 1914 అక్టోబరులో అని పుస్తకములలో వ్రాసియుండినది. గుజరాతులో తపతీనది ఒడ్డున మాండ్వి యను చోట రిచర్డ్ మైనర్ట్జ్‌హాగెన్ అను బ్రిటిష్ సైనికోద్యోగి దానిని కొట్టినట్లు అతని సేకరణలోని చీటీ చెప్పుచుండినది. అతడు సామాన్యుడు కాడు. యుద్ధవీరుడు, గ్రంథకర్త, పక్షిశాస్త్రమున పేరుమోసినవాడు. అట్టివాని చీటీని ఎవరు శంకింతురు? చివర కనుపించిన చోటనే గదా ఎవరైనను ముందు వెదకుదురు! కనుక మాండ్వి పరిసరములలో వెదకినారు. అక్కడ అది లేకపోగా, అంతరించినదనువారి మాటకు బలము హెచ్చినది.

మైనర్ట్జ్‌హాగెన్ 1967 లో మరణించినాడు. అతని పక్షులలో కొన్నిటిపై అనుమానములు అంతకుముందే లేకపోలేదు. చెప్పకుండ చర్మములను తీసికొనిపోయినందుకు 1919 లో బ్రిటిష్ మ్యూజియము పక్షిశాలలోనికి అతనిని కొంతకాలము రానీయలేదు. 1990 దశాబ్దములో దక్షిణాసియా పక్షులపై గ్రంథము వ్రాయుచుండిన పమేలా రాస్ముసెన్ అను అమెరికా విదుషి ఈ చర్మములను మరల చేతికి తీసికొన్నది. వనఘూకమునకు ఎక్స్-కిరణముల పరీక్ష జరిపించినది. చర్మమును ఒలుచుటలో, లోపల దూది కూర్చుటలో, కుట్టు వేయుటలో ఒక్కొక్కరి చేతివాటము ఒక్కొక్క తీరుగా నుండును. అది మనుష్యుల దస్తూరి వంటిది. మాండ్వి పక్షిలో కనుపించిన దస్తూరి మైనర్ట్జ్‌హాగెన్‌ది కాదు. ఖాందేశ్‌లో పక్షులను కొట్టిన డేవిడ్‌సన్‌ది. విషయము తేలిపోయినది. మ్యూజియములోని డేవిడ్‌సన్ పక్షిని దొంగిలించి, దానిని విప్పి మరల కూర్చి, కొత్త ఊరు, కొత్త తేది వ్రాసి, తాను కొట్టినట్లు చీటీ కట్టినాడు! 1999 లో రాస్ముసెన్, కాలర్ అనువారు ఈ మోసమును సాక్ష్యాధారములతో ప్రకటించినారు.

చచ్చిన పక్షి తాను ఎక్కడ బ్రతికినదో చెప్పలేదు. కాలికి కట్టిన చీటీ యే దానికి నోరు. ఆ చీటీని మార్చినచో, నిజముగా పక్షి యున్న అడవి వంక ఎవరును చూడరు. ఎవరును చూడని అడవికి గొడ్డలి వచ్చినను అడ్డుపడువారుండరు. మైనర్ట్జ్‌హాగెన్ దొంగిలించినది ఒక చర్మమే కావచ్చును; కాని దానితో ఒక జీవజాతి చిరునామాయే తారుమారైనది.

మాండ్విని కొట్టివేసిన పిమ్మట మిగిలినవి నిజమైన పాత చిరునామాలు: తూర్పున బ్లూయిట్, బాల్ చెప్పినవి, పశ్చిమమున డేవిడ్‌సన్ చెప్పినది. 1997 నవంబరులో రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ ఆబట్ అను ముగ్గురును మన దేశమునకు వచ్చి ముందు తూర్పు వైపున వెదకినారు. అడవి పలుచబడినది, వనఘూకము లేదు. పిమ్మట పశ్చిమమునకు మరలి, మహారాష్ట్రములో సాత్పురా కొండల పాదమున నున్న షహాదా పట్టణము చేరినారు. నవంబరు 25 వ తేదీ ఉదయమున, ఎండ కాస్త ముదురుచుండగా, బోడికొమ్మపై కూర్చున్న ఒక చిన్న గుడ్లగూబ బెన్ కింగ్ కంటబడినది. నెత్తిమీద చుక్కలు లేవు. కాళ్ళు తెల్లగా, లావుగా నున్నవి. తోకపై పట్టెలు స్పష్టముగా నున్నవి. నూరేండ్లకు పైగా చర్మములలో మాత్రమే చూచిన గుర్తులన్నియు ఎండలో మెరయుచున్నవి!

ఆ క్షణమున వారు చేసిన పని ఏమి? హ్యూమ్ కాలమైనచో తుపాకి ప్రేలి యుండెడిది. వీరు కెమెరా లెత్తినారు. ఫోటోలు, వీడియో చిత్రము తీసినారు. పక్షి ఎగిరిపోకుండ నున్నంతసేపు దానిని చూచినారు. అది తన చెట్టున తానుండగనే సాక్ష్యము దొరికినది. ఫోటోలో పక్షితోపాటు కొమ్మయు, వెలుతురును, వెనుకనున్న అడవియు ఉన్నవి. కాలికి కట్టిన చీటీని మార్చినంత సులభముగా దీనిని మార్చలేరు. కావలసినవారు మరునాడు అదే చోటికి పోయి సరిచూచుకొనవచ్చును. అట్లే పోయినారు కూడ. తరువాతి సంవత్సరములలో ఫరా ఇష్తియాక్, అసద్ రహమానీ వంటి భారతీయ శాస్త్రజ్ఞులు తోరణ్‌మాల్, మేల్‌ఘాట్ అడవులలో ఈ పక్షి కాపురమును నెలల తరబడి పరిశీలించినారు. మధ్యప్రదేశ్, గుజరాతులలోను, 2014 లో బొంబాయికి దాపుననున్న తాన్సా అడవిలోను దాని జాడలు బయటపడినవి. ఇంత చేసినను ప్రపంచమున పెరిగిన వనఘూకములు వెయ్యికి లోపుననే యుండునని అంచనా. 2018 లో దాని ప్రమాదస్థాయిని ఒక మెట్టు తగ్గించినారు. ప్రమాదము మాత్రము తప్పలేదు. అడవిని నరికి పొలములు చేయుట, కార్చిచ్చులు, ఎలుకలకు పెట్టు విషము, మూఢనమ్మకముచే దానిని చంపుట, ఇవియన్నియు నేటికిని ఉన్నవి.

ఇట్టి కథ మన తెలుగునాట కూడ జరిగినది. కడప జిల్లా పొదలలో తిరుగు కలివికోడి 1848 లో జెర్డాన్ వలన లోకమునకు తెలిసి, 1900 తరువాత కనుపింపక పోయినది. అదియు రాత్రించర పక్షియే. దానికై వెదకిన భరత్ భూషణ్ స్థానికుల నడిగి తిరిగినాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దాపున ఒక వేటగాడు రాత్రి దీపము వెలుతురులో దానిని పట్టినాడు. శాస్త్రజ్ఞులు లేదనుకొన్న పక్షిని ఆ పల్లెవారు ఎరిగియే యున్నారు, అడిగినవారే లేకపోయినారు. పట్టిన ఆ పక్షి మాత్రము బ్రతుకలేదు. పోయినదనుకొన్న జాతి దొరికిన సంతోషములో అదొక ముల్లు. పదకొండేండ్ల తరువాత షహాదాలో ఆ ముల్లు లేదు.

ఐతే కెమెరా చేతబట్టినంత మాత్రమున మనిషి పాపరహితుడు కాడు. ఈనాడు కెమెరా లేని ఇల్లు లేదు. రాత్రివేళ మెరుపు దీపము లేకయే ఫోటో తీయగల యంత్రములు వచ్చినవి. గూడొకటి తెలిసినచో గంటలో నలువది మంది చేరుదురు. పక్షి బయటికి వచ్చుటకై దాని కూతనే యంత్రముతో పదేపదే వినిపింతురు. తన చోటిలోనికి వేరొక పక్షి వచ్చినదని అది కలతపడి, వేట మాని, పిల్లలను విడిచి తిరుగును. ఫోటోకు అడ్డమని గూటిముందరి రెమ్మలను విరుతురు. ఆ నీడ పోయినచో కాకులకు, డేగలకు పిల్లలు కనుపించును. గూడున్న చోటును పదిమందికి చాటుదురు. ఆ పదిమందిలో పక్షులను పట్టి అమ్మువాడు కూడ ఉండవచ్చును. దీపావళి దినములలో తాంత్రికుల మాటలు నమ్మి గుడ్లగూబలను బలియిచ్చు దురాచారము ఉత్తరాదిన నేటికిని కలదు. మన దేశపు గుడ్లగూబలు సుమారు 30 జాతులు కాగా, వానిలో 15 జాతులు సంతలలో అమ్ముడగుచున్నవని ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010 లో వెల్లడించినది. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము ఇది నేరము. అయినను కొనువాడుండగా అమ్మువాడుండును.

కావున గుడ్లగూబను ఫోటో తీయదలచినవారు ఒక నియమము పెట్టుకొనవలెను. మనము వచ్చిన సంగతి పక్షి ఎరుగకుండుట ఉత్తమము. ఎరిగినను లెక్కచేయకుండుట మధ్యమము. మన వలన అది లేచిపోయినచో, ఎంత చక్కని ఫోటో వచ్చినను, ఆ పని చెడినట్లే. గూటి దగ్గర నిలువరాదు. మెరుపు దీపమును కన్నులలో కొట్టరాదు. దొరికిన చోటును శాస్త్రజ్ఞునకు చెప్పవలెను గాని బజారులో చెప్పరాదు. ఒక కన్ను పోగొట్టుకొన్న హోస్కింగ్ సైతము గూటిలోని పిల్లల క్షేమము ముందు, ఫోటో వెనుక అని తన తరువాతివారికి బోధించినాడు.

దీనికి సాత్పురా కొండల వరకు పోనక్కరలేదు. మన ఊరి రావిచెట్టు తొఱ్ఱలో, పాడుపడిన కోటగోడలో, గుడి గోపురపు గూళ్ళలో గుడ్లగూబ కాపురమున్నది. అది మన చావును కోరి కూయుట లేదు. తన జతగానిని పిలుచుచున్నది. లేదా ఈ చోటు నాదని పొరుగు పక్షికి చెప్పుచున్నది. మన వరిచేలలో గింజను కొఱుకు ఎలుకలు దాని ఆహారము. రాత్రియంతయు మనకు జీతము లేని కావలివాడై తిరిగి, తెల్లవారగనే తొఱ్ఱ చేరును. సందెవేళ ఇరువది అడుగుల దూరమున, గోడ నానుకొని, కదలక కూర్చున్నచో, మొదట ఆ తొఱ్ఱ అంచున రెండు పసుపుపచ్చని కన్నులు కనుపించును. పిమ్మట తల పైకి క్రిందికి ఊపి మన దూరమును కొలిచి చూచును. మనము కదలనిచో కొంతసేపటికి మనలను మరచి, ఈకలు సవరించుకొని, చప్పుడు లేక ఎగిరిపోవును.

చెట్టుమీద అది కూసినపుడు కఱ్ఱ కొరకు చేయి చాపుటకు ముందు, ఒక్క సాయంకాలము ఇట్లు చూచిన చాలును. వనఘూకము 113 ఏండ్లు లేదనిపించుకొన్నది. కాని ఆ సంవత్సరములన్నిటను అది సాత్పురా అడవిలో, పగటి వెలుతురులో, తన కొమ్మమీదనే యున్నది.